సిటీ బస్సుల సమాచారాన్ని స్మార్ట్ సిటీ వ్యవస్థతో కలపడం ఎలా?

ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది. "బస్సుల్లో జీపీఎస్ పెట్టేశాం, స్టాపుల్లో బోర్డులు పెట్టేశాం, నగరానికి కమాండ్ సెంటర్ కూడా ఉంది, కానీ ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదు, ఏం చేయాలి?" అని ఒకరు అడుగుతారు. "టెండరు పిలవబోతున్నాం, అందులో ఏం రాయాలి?" అని ఇంకొకరు. "యాప్‌లో 4 నిమిషాలంటుంది, బోర్డు మీద 9 అంటుంది, బస్సేమో ఎప్పుడో వెళ్లిపోయింది" అని మరొకరు. ఎవరికి వారికి విడివిడిగా చెప్పే కన్నా, మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట వరసగా రాసేస్తే నయం అనిపించి రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పనిని చాలామంది బోర్డులతో మొదలుపెడతారు, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి, ప్రారంభోత్సవానికి పనికొస్తాయి. మీరు మాత్రం బోర్డుల్ని చివర్న పెట్టుకోండి. మొదట కావాల్సింది స్టాపుల పట్టిక. ఒకే స్టాపుకి టైమ్‌టేబుల్లో ఒక నంబరు, జీపీఎస్ కంపెనీ సాఫ్ట్‌వేర్లో ఇంకో నంబరు, సిటీ మ్యాపులో మరో పేరు ఉన్నంతకాలం ఎంత ఖరీదైన సిటీ ప్లాట్‌ఫామ్ (నగర సేవల డేటానంతా ఒకచోటికి చేర్చే సాఫ్ట్‌వేర్) కొన్నా ఏదీ దేనితోనూ అతకదు.

చేతిలో ఏమేం ఉండాలి

- ఇప్పుడు నడుస్తున్న టైమ్‌టేబుల్. కాగితం మీదున్నా, ఎక్సెల్లో ఉన్నా ఫర్వాలేదు, కానీ డిపోలో నిజంగా వాడుతున్నదే కావాలి, ఆఫీసు ఫైల్లో ఉన్నది కాదు.
- ప్రతి స్టాపు లొకేషన్, ఫోటో. ఇవి లేకపోతే 1వ అడుగులో మీరే తీసుకుంటారు.
- బస్సుల్లో జీపీఎస్ పరికరాలు, వాటి డేటాని నేరుగా తీసుకునే హక్కు. "మా పోర్టల్లో లాగిన్ అయి చూసుకోండి" అంటే అది హక్కు కాదు.
- రోజూ ఏ బస్సు ఏ డ్యూటీకి వెళ్తోందో చెప్పే డిపో రికార్డు.
- ఒక చిన్న సర్వరు (క్లౌడ్‌లో అయినా సరే), డేటాబేస్ తెలిసిన మనిషి ఒకరు, డిపోలో తిరిగి విషయాలు కనుక్కోగల మనిషి ఒకరు. ఈ రెండో మనిషి లేక ఆగిపోయిన ప్రాజెక్టులే ఎక్కువ.
- సిటీ ప్లాట్‌ఫామ్ చూసుకునేవాళ్ల నుంచి ఒక జవాబు: వాళ్లు డేటాని ఏ ఫార్మాట్‌లో తీసుకుంటారు?

1. స్టాపుల పట్టిక ఒక్కటే ఉండేలా చూడండి

ప్రతి స్టాపుకీ ఒక ఐడీ ఇవ్వండి. ఒకసారి ఇచ్చాక దాన్ని మార్చకండి, స్టాపు ఎత్తేసినా ఆ ఐడీని ఇంకో స్టాపుకి ఇవ్వకండి. పేరు మారొచ్చు, షెల్టరు జరగొచ్చు, ఐడీ మాత్రం అలాగే ఉండాలి. పేరునే ఐడీగా వాడేవాళ్లున్నారు, అది వద్దు. రేపు పేరులో ఒక్క అక్షరం సరిదిద్దితే వెనకున్న లెక్కలన్నీ తెగిపోతాయి.

రోడ్డుకి రెండు వైపులా ఉన్న స్టాపులు రెండు వేర్వేరు స్టాపులు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రెండింటికీ కలిపి ఒకే పాయింటు పెడితే అటు వెళ్లే బస్సూ ఇటు వచ్చే బస్సూ ఒకే బోర్డు మీద కనిపిస్తాయి, జనం రోడ్డుకి అవతల నిలబడి బస్సు పోగొట్టుకుంటారు. కావాలంటే రెండింటినీ కలిపి చూపడానికి పైన ఒక 'మాతృ స్టేషన్' పెట్టొచ్చు, జీటీఎఫ్ఎస్‌లో (బస్సు టైమ్‌టేబుళ్లు రాసే ప్రామాణిక ఫార్మాట్, 2వ అడుగులో వస్తుంది) దానికి ఏర్పాటుంది.

లొకేషన్ ఎంత కచ్చితంగా ఉండాలి? అసలు చోటికి 4 మీటర్ల లోపు ఉండాలన్నది జీటీఎఫ్ఎస్ మంచి పద్ధతుల్లో ఉన్న సూచన. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత 3 అంకెలు మాత్రమే రాసుకుంటే 100 మీటర్ల పైచిలుకు తేడా రావచ్చు, 5 అంకెలుంటే ఒక మీటరుకి దగ్గరగా వస్తుంది. ఆఫీసులో కూర్చుని శాటిలైట్ మ్యాపు మీద పెట్టే పాయింట్లని నమ్మకండి, చెట్ల కింద ఉన్న షెల్టర్లు అందులో కనిపించవు. ఫోన్ తీసుకుని స్టాపు దగ్గరికి వెళ్లి, జనం నిలబడే చోట ఒక నిమిషం ఆగి పాయింటు తీసుకోండి, అక్కడే ఫోటో కూడా తీయండి.

జాగ్రత్త: ఈ పట్టికని ఎక్సెల్లో తెరిచి సేవ్ చేస్తే 00417 అనే ఐడీ 417 అయిపోతుంది. మీకు తెలియను కూడా తెలియదు. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోండి, లేదా ఐడీకి ముందు ఒక అక్షరం తగిలించండి. ఫైల్ని యూటీఎఫ్-8లో (అన్ని లిపులనీ దాచగలిగే పద్ధతి) సేవ్ చేయండి, లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

2. టైమ్‌టేబుల్ని జీటీఎఫ్ఎస్‌గా మార్చండి

జీటీఎఫ్ఎస్ అంటే కొన్ని టెక్స్ట్ ఫైళ్లని కలిపి కట్టిన ఒక జిప్ ఫైలు, అంతే. 2005లో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు ప్రపంచంలో బస్సు, రైలు యాప్‌లు ఎక్కువగా అర్థం చేసుకునే ఫార్మాట్ ఇదే. ముఖ్యమైన ఫైళ్లు ఏజెన్సీ, స్టాప్స్, రూట్స్, ట్రిప్స్, స్టాప్ టైమ్స్, క్యాలెండర్. సెలవు రోజులకీ ప్రత్యేక రోజులకీ క్యాలెండర్ డేట్స్. బస్సు వెళ్లే దారి గీతకి షేప్స్. ఇది తప్పనిసరి కాదంటారు గానీ, మీరు మాత్రం పెట్టుకోండి, 4వ అడుగులో ఇది లేకపోతే చేతులు కట్టేసినట్టే.

ఇక్కడ అందరూ తడబడేది అర్ధరాత్రి దగ్గర. రాత్రి 11:40కి బయల్దేరిన ట్రిప్పు ఒంటిగంట పదికి చేరితే ఆ టైము 01:10 అని రాయకూడదు, 25:10:00 అని రాయాలి. అదే సర్వీసు రోజు ఇంకా నడుస్తోందని అర్థం. 01:10 అని రాస్తే బస్సు బయల్దేరకముందే చేరిపోయినట్టు లెక్క వస్తుంది.

టైమ్‌టేబుల్ లేదు, "ప్రతి 10 నిమిషాలకి ఒకటి" అని నడుపుతున్నారా? అప్పుడు ఫ్రీక్వెన్సీస్ అనే ఫైలు వాడండి. కాకపోతే రియల్‌టైమ్‌లో అలాంటి ట్రిప్పుల్ని పట్టుకోవడం కష్టం, కాబట్టి వీలైతే టెర్మినల్ నుంచి బయల్దేరే టైములన్నా రాసి మామూలు ట్రిప్పులుగా పెట్టుకోమంటాను.

ఎలా చెక్ చేయాలి: మొబిలిటీడేటా సంస్థ ఉచితంగా ఇచ్చే వాలిడేటర్లో (ఫైళ్లలో తప్పులు పట్టే ప్రోగ్రామ్) జిప్ వేయండి. ఎర్రర్లు ఒక్కటి కూడా మిగలకూడదు. వార్నింగులు చదివి వదిలేయాల్సినవి వదిలేయండి. "రెండు స్టాపుల మధ్య వేగం మరీ ఎక్కువ" అనే వార్నింగ్ వస్తే మాత్రం వదలకండి, అది దాదాపు ఎప్పుడూ తప్పు చోట పెట్టిన స్టాపునో, తప్పుగా కొట్టిన టైమునో పట్టిస్తుంది. వాలిడేటర్ పాసైనంత మాత్రాన టైమ్‌టేబుల్ నిజమని కాదు. ఒక 10 ట్రిప్పులు తీసుకుని డిపోలో డ్యూటీ చార్టుతో పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకోటి, ఫీడు గడువు (ఫీడు అంటే యాప్‌ల కోసం మీరు బయటికిచ్చే డేటా). ఇప్పుడున్న ఫైలు కనీసం రాబోయే 7 రోజులకి, వీలైతే 30 రోజులకి చెల్లేలా ఉండాలి. గడువు ముగిసిన రోజు పొద్దున్నే యాప్‌ల నుంచి మీ నగరం మొత్తం మాయమవుతుంది.

3. బస్సు నుంచి డేటా శుభ్రంగా రానివ్వండి

ప్రతి సందేశంలో కనీసం ఇవి ఉండాలి: బస్సు నంబరు, లొకేషన్, వేగం, దిశ, జీపీఎస్ తీసుకున్న టైము. చివరిది చాలా ముఖ్యం. నెట్‌వర్క్ పోయినప్పుడు పరికరం సందేశాలని దాచుకుని, సిగ్నల్ రాగానే గుట్టగా ఒకేసారి పంపుతుంది. మీ సర్వరు 'సందేశం అందిన టైము'నే లెక్కలోకి తీసుకుంటే, పది నిమిషాల కిందటి లొకేషన్ని ఇప్పటిదనుకుంటుంది, మ్యాపు మీద బస్సు వెనక్కి గెంతుతుంది. కాబట్టి ఎప్పుడూ పరికరం ఇచ్చిన టైమునే నమ్మండి, అది సర్వరు టైముతో మరీ తేడాగా ఉంటే ఆ పరికరాన్ని పక్కన పెట్టి చూడండి.

10 సెకన్లకోసారి పంపితే బాగుంటుంది. 30 సెకన్లయినా బోర్డులకి సరిపోతుంది. సైజు అంచనా ముందే వేసుకోండి: 500 బస్సులు 10 సెకన్లకోసారి పంపితే సెకనుకి 50 సందేశాలు, రోజంతా ఆగకుండా పంపితే 43 లక్షల 20 వేలు. భయపడాల్సిన సంఖ్య కాదు గానీ, అన్నీ ఒకే టేబుల్లో పారేస్తే మూడో నెలకి ఏ ప్రశ్నకీ జవాబు రాదు. ఇప్పటి లొకేషన్లకి ఒక చిన్న టేబులు, పాతవాటికి రోజువారీగా విడగొట్టిన నిల్వ పెట్టుకోండి.

బస్సు నుంచి సర్వరుకి ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న చిన్న సందేశాలు పంపే పద్ధతి) వాడితే తేలిక. ఇలాంటి పనికి పుట్టిందే అది, సిగ్నల్ బాగాలేని చోట కూడా తట్టుకుంటుంది. పాత పరికరాలు వాటి సొంత భాషలో పంపుతుంటే మధ్యలో ఒక చిన్న అనువాదక ప్రోగ్రామ్ పెట్టండి. పరికరాలన్నీ మార్చేయాల్సిన పనిలేదు.

కచ్చితంగా ఏరేయాల్సినవి: సున్నా, సున్నా లొకేషన్లు (సిగ్నల్ దొరకని పరికరం ఇలా పంపుతుంది, మీ బస్సు ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో తేలుతుంది), ఇంజిన్ ఆన్ చేసిన మొదటి నిమిషంలో అటూ ఇటూ ఎగిరే పాయింట్లు, డిపోలో నిలబడి ఉన్న బస్సులు.

4. బస్సుని ట్రిప్పుకి ముడివేయండి

ఇదే ఈ పని మొత్తానికి గుండెకాయ. బస్సు ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది, అది ఏ ట్రిప్పులో ఉందో చెప్పదు. ఆ సంగతి తెలియకపోతే ఏ స్టాపుకి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మూడు దారులున్నాయి. మొదటిది, డ్రైవరు లేదా కండక్టరు డ్యూటీ ఎక్కేటప్పుడు పరికరంలో డ్యూటీ నంబరు కొట్టడం. కచ్చితంగా ఉంటుంది, కానీ రోజూ కొంతమంది కొట్టరు, కొంతమంది నిన్నటి నంబరే వదిలేస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు, అందులో వాళ్లకేం ఉపయోగముందో ఆలోచించండి. రెండోది, డిపో నుంచి ఏ బస్సు ఏ డ్యూటీకి అనే లిస్టు పొద్దున్నే కంప్యూటర్లోకి రావడం. బాగుంటుంది, మధ్యాహ్నం ఒక బస్సు చెడిపోయి ఇంకోటి పంపినప్పుడు మాత్రం లిస్టు తప్పిపోతుంది. మూడోది, బస్సు కదలికని చూసి సాఫ్ట్‌వేరే ఊహించడం: ఏ టెర్మినల్ నుంచి ఎన్నింటికి బయల్దేరింది, ఏ గీత మీద పోతోంది అని చూసి ట్రిప్పుని పట్టుకుంటుంది. దీనికే షేప్స్ కావాలన్నది.

నా మాట వింటే రెండోదాన్ని ఆధారం చేసుకుని మూడోదాన్ని కాపలా పెట్టండి. లిస్టు ప్రకారం 12వ రూటులో ఉండాల్సిన బస్సు 12వ రూటు గీతకి 200 మీటర్ల అవతల ఐదు నిమిషాల పాటు తిరుగుతుంటే, ఆ ముడి తెంపేయండి. అప్పుడు దాని రాక టైము చూపకండి. తప్పు టైము కన్నా ఖాళీ నయం.

గుండ్రంగా తిరిగే రూట్లతో జాగ్రత్త. బయల్దేరిన స్టాపుకే మళ్లీ వచ్చే బస్సు ఆ స్టాపుని ఒకే ట్రిప్పులో రెండుసార్లు తాకుతుంది. స్టాప్ ఐడీ ఒక్కటే చూసే ప్రోగ్రామ్ "వచ్చేసింది" అనుకుని ట్రిప్పునే ముగించేస్తుంది. అలాంటిచోట స్టాప్ సీక్వెన్స్, అంటే ఎన్నో స్టాపు అనే వరస నంబరు, తప్పనిసరిగా వాడాలి.

5. రాక టైము అంచనా: సింపుల్‌గా మొదలుపెట్టండి

మెషిన్ లెర్నింగ్ అని మొదటి రోజే దూకకండి. రెండు స్టాపుల మధ్య ముక్కకి, గంటగంటకీ, పనిరోజుకీ సెలవురోజుకీ విడివిడిగా గత కొన్ని వారాల సగటు సమయం తీయండి. బస్సు ఇప్పుడున్న చోటు నుంచి ముందున్న ముక్కల సగటులు కూడుకుంటూ పోండి. అంతే. దీంతోనే చాలావరకు పని జరుగుతుంది. సొంతంగా రాసుకోలేకపోతే ద ట్రాన్సిట్‌క్లాక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుంది, జీటీఎఫ్ఎస్, జీపీఎస్ ఇస్తే అంచనాలు అదే వేస్తుంది.

అంచనా చెడిపోయే చోటు రోడ్డు మీద కన్నా టెర్మినల్లో ఎక్కువ. బస్సు వచ్చి నిలబడింది, 10:30కి కదలాలి, టీ తాగడానికి దిగిన డ్రైవరు ఎప్పుడెక్కుతాడన్నది ఏ లెక్కకీ అందదు. ఆ రూటులో మొదటి నాలుగైదు స్టాపుల్లో నిలబడినవాళ్లకి "6 నిమిషాలు" అని పావుగంట పాటు కనిపించేది ఇందుకే. ఏం చేయొచ్చంటే, బస్సు టెర్మినల్ వదిలేదాకా ఆ స్టాపులకి నిమిషాలు చూపకుండా టైమ్‌టేబుల్ టైమే చూపండి. బయల్దేరాల్సిన టైము దాటి పది నిమిషాలైనా కదలకపోతే కంట్రోల్ రూముకి చెప్పండి, అది బోర్డుల సమస్య కాదు, డిపో సమస్య.

6. రియల్‌టైమ్ ఫీడు బయటికివ్వండి

ఇప్పుడు మీ దగ్గరున్నదాన్ని జీటీఎఫ్ఎస్ రియల్‌టైమ్‌గా మార్చండి. ఇందులో మూడు ముఖ్యమైన భాగాలు: ట్రిప్ అప్‌డేట్స్ (ఏ స్టాపుకి ఎప్పుడు), వెహికల్ పొజిషన్స్ (బస్సు ఎక్కడ), సర్వీస్ అలర్ట్స్ (ఏం జరిగింది). మూడింటికీ మూడు అడ్రసులు ఇస్తే వాడేవాళ్లకి తేలిక. ఫీడు కనీసం 30 సెకన్లకోసారి కొత్తది కావాలి, మొదటి రెండింట్లో ఉండే డేటా 90 సెకన్ల కన్నా పాతది కాకూడదు, అలర్ట్‌లకి 10 నిమిషాల దాకా ఒప్పుకుంటారు.

ఇక్కడ జరిగే తప్పుల్లో నాలుగు ఎప్పుడూ అవే:

ట్రిప్ ఐడీలు కలవకపోవడం. టైమ్‌టేబుల్ ఫైలు మార్చారు, రియల్‌టైమ్ ప్రోగ్రామ్ ఇంకా పాత ఫైలు ఐడీలతోనే నడుస్తోంది. అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఎక్కడా ఎర్రర్ రాదు, కానీ యాప్‌లో ఒక్క బస్సూ కనిపించదు. రెండింటినీ ఒకే క్షణంలో మార్చే ఏర్పాటు చేసుకోండి.

వేగం కొలమానం. ఫీడులో వేగం సెకనుకి మీటర్లలో ఉండాలి, పరికరాలు గంటకి కిలోమీటర్లలో ఇస్తాయి. మార్చకుండా పంపితే 40లో వెళ్లే బస్సు 144లో దూసుకెళ్తున్నట్టు కనిపిస్తుంది.

టైము. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో. స్థానిక టైముని అలాగే పెట్టేస్తే గంటల తేడా వస్తుంది. అంత పెద్ద తేడా అయితే వెంటనే దొరికిపోతుంది లెండి.

రద్దయిన ట్రిప్పు గురించి చెప్పకపోవడం. ఇది అన్నిటికన్నా ఘోరం. ట్రిప్పు రద్దయితే ఫీడులోంచి తీసేసి ఊరుకుంటారు, అప్పుడు యాప్ ఏం చేస్తుంది? డేటా లేదు కదా అని టైమ్‌టేబుల్ చూపిస్తుంది. లేని బస్సు కోసం జనం నిలబడతారు. రద్దయినదాన్ని 'క్యాన్సిల్డ్' అని గుర్తు పెట్టి పంపాలి, ఆగని స్టాపుని 'స్కిప్డ్' అని. డిపోలో ట్రిప్పు కొట్టేసిన మనిషి అక్కడే ఒక బటన్ నొక్కితే ఇది జరిగిపోయేలా ఉండాలి, ఇంకో ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పే పద్ధతి వారం కూడా నడవదు.

ప్రత్యామ్నాయం: యూరప్ పద్ధతిలో ఉన్న వ్యవస్థలతో కలపాలంటే సిరి అనే ప్రమాణం అడుగుతారు (ఫోన్లో మాట్లాడేది కాదు, ఎక్స్ఎంఎల్‌లో నడిచే రవాణా ప్రమాణం). స్టాపు బోర్డులకి అందులోని స్టాప్ మానిటరింగ్ సేవ బాగా పనికొస్తుంది. రెండూ ఇవ్వగలిగితే ఇవ్వండి, ఒకటే ఇవ్వగలిగితే జీటీఎఫ్ఎస్ ఇవ్వండి.

7. సిటీ ప్లాట్‌ఫామ్‌కి ఎక్కించండి

ఇక్కడికొచ్చేసరికి అసలు కష్టం అయిపోయింది, మిగిలింది అనువాదమే. పలు స్మార్ట్ సిటీ ప్లాట్‌ఫామ్‌లు యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ ఇచ్చిన ఎన్‌జీఎస్ఐ-ఎల్‌డీ పద్ధతిలో డేటా తీసుకుంటాయి, ఫైవేర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద కట్టినవి ముఖ్యంగా. బస్సు ఒక 'ఎంటిటీ' (అంటే విడిగా గుర్తించే ఒక వస్తువు), స్టాపు ఒక 'ఎంటిటీ', వాటి మధ్య సంబంధాలు. జీటీఎఫ్ఎస్ స్టాపులకీ రూట్లకీ సిద్ధంగా ఉన్న నమూనాలు స్మార్ట్ డేటా మోడల్స్ అనే సేకరణలో దొరుకుతాయి, సొంతంగా కొత్తవి కనిపెట్టకండి.

ఒక్క చోట తప్పకుండా కాలు జారుతుంది. జీటీఎఫ్ఎస్‌లో అక్షాంశం, రేఖాంశం విడివిడి కాలమ్‌లు. ఇక్కడ వాడే జియోజేసన్‌లో (లొకేషన్లు రాసే ఫార్మాట్) మొదట రేఖాంశం, తర్వాత అక్షాంశం. తిరగేసి పెడితే మీ బస్సులు ఇంకో దేశంలోనో సముద్రంలోనో తేలతాయి. మ్యాపు ఖాళీగా కనిపిస్తే డేటా రాలేదని కంగారుపడకుండా, మ్యాపుని బాగా చిన్నది చేసి ప్రపంచమంతా చూడండి, ఎక్కడో ఒకచోట గుంపుగా దొరుకుతాయి.

ప్లాట్‌ఫామ్‌కి ఏది పంపాలి, ఏది వద్దు? లొకేషన్లు, ఆలస్యాలు, అలర్ట్‌లు, బస్సులో రద్దీ తెలిస్తే అది కూడా పంపండి. డ్రైవరు పేరు, ఉద్యోగి నంబరు అస్సలు వద్దు. టికెట్ కార్డుల నంబర్లు అంతకన్నా వద్దు.

సిగ్నళ్ల దగ్గర బస్సుకి ముందు దారివ్వాలని అనుకుంటున్నారా? దానికి ఈ బయటి ఫీడు చాలదు. 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు 30 సెకన్లలో 250 మీటర్లు దాటుతుంది, మీ సందేశం చేరేసరికి సిగ్నలూ దాటేసి ఉంటుంది. ఆ పనికి బస్సు నుంచి వచ్చే ముడి డేటాని నేరుగా సిగ్నల్ వ్యవస్థకి ఇవ్వాలి, అది కూడా ఆలస్యంగా నడుస్తున్న బస్సులకే ఇస్తే మిగతా ట్రాఫిక్‌కి ఇబ్బంది తక్కువ.

8. ఇప్పుడు బోర్డులు, యాప్‌లు

బోర్డు, యాప్, వెబ్‌సైటు, బస్సులో అనౌన్స్‌మెంటు, అన్నీ ఒకే ఫీడు నుంచి తాగాలి. యాప్‌లో 4, బోర్డులో 9 అని కనిపించే నగరాల్లో రెండు కంపెనీలు రెండు లెక్కలు వేస్తున్నాయని అర్థం. ఒక లెక్క ఆపేయండి, చర్చ అనవసరం.

ప్రత్యక్ష సమాచారాన్నీ టైమ్‌టేబుల్నీ ఒకేలా చూపకండి. జీపీఎస్ ఉన్న బస్సుకి "5 నిమిషాలు" అని, లేనిదానికి "10:42" అని గడియారం టైము చూపడం మంచి పద్ధతి. చూసేవాళ్లు వారంలో అలవాటుపడతారు. బోర్డుకి రెండు మూడు నిమిషాలుగా కొత్త డేటా రాకపోతే నిమిషాలు తీసేసి టైమ్‌టేబుల్‌కి మారిపోవాలి. నెట్ పోయాక కూడా "2 నిమిషాలు" అని అరగంట చూపించే బోర్డుని జనం ఇక జన్మలో నమ్మరు.

ఎల్ఈడీ బోర్డు కొనేముందు మీ లిపిలో పేర్లు వేయించి చూడండి. చుక్కల ఎత్తు తక్కువైతే వత్తులు ముద్దైపోతాయి, గుణింతాలు విరిగిపోతాయి. అత్యంత పొడవైన స్టాపు పేరు, అత్యంత ఎక్కువ వత్తులున్న పేరు, ఈ రెండూ శాంపిల్ బోర్డు మీద ఎండలో చదవగలిగితేనే ఒప్పుకోండి. కరెంటు లేని స్టాపులకి సోలార్‌తో నడిచే ఈ-పేపర్ బోర్డులు బాగుంటాయి, కాకపోతే రాత్రి కనపడాలంటే దీపం కావాలి. చూపు లేనివాళ్లకి బటన్ నొక్కితే చదివి వినిపించే ఏర్పాటు ముందే అడగండి, తర్వాత తగిలించడం ఖర్చు. అన్ని స్టాపుల్లోనూ బోర్డు పెట్టే డబ్బు లేకపోతే స్టాప్ ఐడీతో ఒక క్యూఆర్ స్టిక్కర్ అంటించండి, 1వ అడుగు సరిగ్గా చేసి ఉంటే ఈ పనికి దాదాపు ఏమీ ఖర్చవదు.

9. అలర్ట్‌లు రాసేవాళ్లని పెట్టుకోండి

సాఫ్ట్‌వేర్ ఉంటుంది, రాసే మనిషి ఉండడు. అలర్ట్‌లో మూడు ఉండాలి: ఏ రూట్లకి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ప్రయాణికుడు ఏం చేయాలి. "సాంకేతిక కారణాల వల్ల అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేది అలర్ట్ కాదు. "12వ నంబరు బస్సులు ఈ రోజు రాత్రి 8 దాకా వంతెన మీదుగా వెళ్లవు, మార్కెట్ స్టాపుకి బదులు తర్వాతి స్టాపులో ఎక్కండి" అనేది అలర్ట్. ముగింపు టైము పెట్టకుండా సేవ్ చేయనివ్వకండి, లేదంటే పోయినేడు తవ్విన రోడ్డు గురించి ఈ ఏడు కూడా చెబుతూనే ఉంటుంది.

10. పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

"సర్వర్ 99 శాతం నడుస్తోంది" అనే రిపోర్టుని పక్కన పెట్టండి. అది బోర్డు వెలుగుతోందని చెబుతుంది, నిజం చెబుతోందని కాదు.

ప్రతి అంచనానీ దాచుకోండి, బస్సు నిజంగా వచ్చిన టైముతో పోల్చండి. అన్నీ కలిపి ఒకే సగటు తీస్తే ఏమీ తెలియదు, ఎంత ముందు చెప్పిన అంచనా అన్నదాన్ని బట్టి విడగొట్టాలి. మొదలుపెట్టడానికి ఇలా పెట్టుకోవచ్చు: 3 నిమిషాల లోపు అన్నప్పుడు ఒక నిమిషం అటూఇటూ, 3 నుంచి 6 అన్నప్పుడు ఒకటిన్నర నిమిషం ముందు, రెండు నిమిషాలు ఆలస్యం దాకా, ఆ పైన ఇంకొంచెం వదులు. ముందు వైపు ఎందుకు బిగుతుగా ఉండాలంటే, చెప్పిన దానికన్నా బస్సు ముందే వచ్చి వెళ్లిపోతే ప్రయాణికుడికి మొత్తం బస్సే పోతుంది, ఆలస్యమైతే పోయేది రెండు నిమిషాలే. ఇదే లెక్కని టెర్మినల్ దగ్గరి స్టాపులకీ మిగతావాటికీ విడిగా తీయండి, తేడా చూసి ఆశ్చర్యపోతారు.

ఇంకో లెక్క, రోడ్డు మీద ఉండాల్సిన ట్రిప్పుల్లో ఎన్నింటికి ప్రత్యక్ష సమాచారం ఉంది? అంచనాలు ఎంత బాగున్నా సగం బస్సులే కనిపిస్తుంటే ఆ వ్యవస్థ సగమే ఉన్నట్టు. ఈ శాతం ఒక్కసారిగా పడిపోతే మొదట అనుమానించాల్సింది ట్రిప్ ఐడీలని, రెండోది డిపో లిస్టు ఆ రోజు రాలేదేమో అన్నది.

ఆ తర్వాత ఫోన్ పట్టుకుని స్టాపులో నిలబడండి. ఒక రద్దీ స్టాపు, ఒక ఊరిచివరి స్టాపు, టెర్మినల్ తర్వాత రెండో స్టాపు. బోర్డు ఏమంటోంది, యాప్ ఏమంటోంది, బస్సు ఎప్పుడొచ్చింది, మూడూ రాసుకోండి. చీకటి పడ్డాక ఒకసారి, వానలో ఒకసారి. డ్యాష్‌బోర్డులో ఎప్పటికీ కనిపించని విషయాలు ఇక్కడ దొరుకుతాయి: బోర్డు చెట్టుకొమ్మ వెనక ఉండటం, బస్సు అసలు ఆ షెల్టరు దగ్గర ఆగకుండా యాభై అడుగులు ముందు ఆగడం లాంటివి.

టెండరులో తప్పకుండా రాయాల్సినవి

డేటా మొత్తం రవాణా సంస్థది, పరికరం అమ్మిన కంపెనీది కాదు. పచ్చి జీపీఎస్ డేటా, జీటీఎఫ్ఎస్, రియల్‌టైమ్ ఫీడు మూడూ అదనపు రుసుము లేకుండా ఇవ్వాలి. ఒప్పందం ముగిసినప్పుడు పాత డేటా అంతా చదవగలిగే ఫార్మాట్లో అప్పగించాలి. చెల్లింపు బోర్డుల సంఖ్యకి కాకుండా 10వ అడుగులో చెప్పిన రెండు లెక్కలకి ముడిపెట్టండి: అంచనా ఎంత నిజమైంది, ఎన్ని ట్రిప్పులు కనిపించాయి. ఆ లెక్క తీసే పని మాత్రం అదే కంపెనీకి ఇవ్వకండి.

అన్నీ ఒకేసారి చేయాలా?

అక్కర్లేదు. ఒక డిపో, రెండు మూడు రూట్లు తీసుకుని 1 నుంచి 6 దాకా చేయండి, ఫీడుని బయటికివ్వండి, బోర్డు ఒక్కటీ పెట్టకండి. యాప్‌లు చేసేవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి తప్పులు పట్టిస్తారు, అందుకే ఫీడు పక్కనే ఫిర్యాదు పంపడానికి ఒక ఈమెయిల్ పెట్టి, దాన్ని రోజూ చూసే మనిషిని కూడా పెట్టండి. ఐడీలు నెల రోజులు తెగకుండా నిలబడ్డాక రెండో డిపోకి వెళ్లండి. చిన్న నగరమై, బస్సులు కూడా తక్కువైతే 5వ అడుగుని వదిలేసి, లొకేషన్లు, రద్దయిన ట్రిప్పులు, అలర్ట్‌లు మాత్రం కచ్చితంగా ఇచ్చినా చాలు. గంటకి ఒక్క బస్సు ఉన్న రూటులో జనానికి కావాల్సింది నిమిషాల లెక్క కాదు, ఈ పూట బస్సు ఉందా లేదా అన్నదే.